నెలనెలా వచ్చే డబ్బు: దానమా, వాటానా?

దేశంలో పుట్టిన ప్రతి మనిషికీ నెలనెలా కొంత డబ్బు ప్రభుత్వమే ఇవ్వాలన్న ఆలోచన చాలాకాలంగా ప్రపంచంలో తిరుగుతోంది. ఉన్నవాడా లేనివాడా అని చూడకూడదు, పని చేస్తున్నావా లేదా అని అడగకూడదు, ఏ షరతూ పెట్టకూడదు. దీన్నే సార్వత్రిక కనీస ఆదాయం అంటున్నారు. మన దేశంలో 2016-17 ఆర్థిక సర్వే దీనికి ఒక అధ్యాయమే కేటాయించింది. మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు, అంటే నెలకు 635 రూపాయలు ఇస్తే ఎలా ఉంటుందని లెక్క వేసింది. ఆ లెక్క కాగితాల మీదే ఉండిపోయింది కానీ ఆలోచన ఆగిపోలేదు. రైతుబంధు, పీఎం కిసాన్, పింఛన్లు, ఆడవాళ్ల ఖాతాల్లో వేసే సొమ్ము, ఇవన్నీ ఆ దారిలో పడిన అడుగులే.

పట్నంలో దీని మీద జరిగే వాదన ఎక్కువగా బడ్జెట్ చుట్టూ తిరుగుతుంది. అంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, పన్నులు ఎంత పెంచాలి అని. ఏజెన్సీలో మన ఊళ్లో కూర్చుని ఆలోచిస్తే ముందు ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ డబ్బు మనకు ఎవరో పెట్టే దానమా, మనకు రావలసిన వాటానా? ఇది మాటల తేడా మాత్రమే కాదు. దానం చేసినవాడు ఎప్పుడైనా ఆపేయగలడు. బదులుగా ఏదైనా అడగగలడు. వాటా అయితే ఇవ్వకపోవడమే తప్పు అవుతుంది. ఈ ప్రశ్న తేల్చుకోకుండా డబ్బు తీసుకుంటే ఏమి పోగొట్టుకుంటామో, వద్దంటే ఏమి పోగొట్టుకుంటామో చూద్దాం.

వాటా మనకు కొత్త కాదు

వేటకు వెళ్లినప్పుడు దొరికిన మాంసం బాణం వేసినవాడి ఇంటికే పోదు. ఊరంతటికీ వాటాలు వేస్తారు. వేటకు రాలేని ముసలివాళ్లకు, మొగుడు పోయిన ఆడమనిషికి, జ్వరంతో పడుకున్నవాడికి కూడా ఒక కుప్ప ఉంటుంది. వాళ్లకు ఎందుకు అని ఎవరూ అడగరు. ఎందుకంటే అడవి ఒక్కడిది కాదు. బాణం వేసినవాడి నేర్పుకు విలువ ఉంది కాబట్టి అతనికి ఫలానా భాగం దక్కుతుంది. జంతువును పెంచిన అడవి అందరిదీ కాబట్టి మిగతా అందరికీ భాగం దక్కుతుంది. ఇందులో రెండు న్యాయాలు పక్కపక్కనే ఉన్నాయి. కష్టానికి ఫలితం ఒకటి, ఉమ్మడి ఆస్తిలో వాటా ఒకటి.

సరిగ్గా ఇదే వాదనను 1797లో థామస్ పెయిన్ అనే రచయిత ఒక చిన్న పుస్తకంలో పెట్టాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో, ఫ్రెంచి విప్లవంలో పాల్గొన్న మనిషి ఆయన. భూమి మొదట మనుషులందరి ఉమ్మడి ఆస్తి, దాన్ని దున్ని బాగుచేసినవాడికి దక్కవలసింది ఆ బాగుచేసిన విలువే కానీ భూమి కాదు అన్నాడు. కాబట్టి భూమి సొంతం చేసుకున్న ప్రతివాడూ మిగతా సమాజానికి కౌలు బాకీ ఉన్నట్టే. ఆ బాకీతో ఒక నిధి పెట్టి 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ 15 పౌన్లు, 50 ఏళ్లు దాటినవాళ్లకు ఏటా 10 పౌన్లు ఇవ్వాలన్నాడు. ధనికులకూ పేదలకూ ఒకేలా ఇవ్వాలి, అది ధర్మం కాదు హక్కు అన్నాడు. ఈ వాదనకు ఆయన ఉదాహరణ తెచ్చుకున్నది ఎక్కడి నుంచి? ఉత్తర అమెరికా ఆదివాసుల దగ్గర నుంచి. యూరప్ పట్నాల వీధుల్లో కనబడే దరిద్రం వాళ్లలో లేదని చూపించి, నాగరికత అనేది పేదవాణ్ణి అంతకంటే హీనస్థితికి తోయకూడదు అన్నాడు.

కనుక ఈ ఆలోచనను పట్నం నుంచి మనకు దిగిన కొత్త వస్తువులా చూడనక్కర లేదు. దాని వేళ్లలో ఒకటి మనలాంటి వాళ్ల జీవితంలోనే ఉంది.

పని చేయనివాడికి ఎందుకు?

మొదటి అభ్యంతరం ఇదే. అందరూ చెమటోడ్చి సంపాదిస్తుంటే ఊరికే కూర్చున్నవాడికి ఎందుకు పెట్టాలి? ఇది తేలిగ్గా తీసేయవలసిన మాట కాదు. న్యాయం గురించి గొప్పగా రాసిన అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ కూడా ఈ పక్షమే తీసుకున్నాడు. రోజంతా సముద్రపు అలల మీద పలక వేసుకుని ఆడుకునేవాడు తన తిండి తానే చూసుకోవాలి, సమాజం పెట్టనక్కర లేదన్నాడు. దానికి జవాబుగా బెల్జియం తత్వవేత్త ఫిలిప్ వాన్ పారీస్ 1991లో ఒక వ్యాసం రాశాడు. ఆటగాడి చెమటకు కూలి ఇమ్మని ఆయన అడగలేదు. ప్రకృతి నుంచి, ముందు తరాల నుంచి అందరికీ వచ్చిన ఆస్తిలో అతనికీ వాటా ఉందని, దాన్ని ఇతరులు ఇప్పటికే వాడుకుంటున్నారని గుర్తు చేశాడు.

మన వైపు నుంచి దీనికి ఇంకో మాట కలపాలి. పని అంటే ఏమిటో ఎవరు నిర్ణయిస్తున్నారు? తెల్లవారకముందే లేచి ఇప్పపువ్వు ఏరే ఆడమనిషి, ఎండలో తునికాకు కోసి కట్టలు కట్టే అమ్మాయి, ఊట నుంచి బిందెతో నీళ్లు మోసే అవ్వ, చిన్నపిల్లల్ని చూసుకుంటూ మేకలు తోలే తాత. వీళ్లెవరికీ జీతం చీటీ లేదు. సర్వే కాగితంలో వాళ్ల పేరు పక్కన పని లేదనో, ఇంటిపని అనో రాస్తారు. అడవిని కాపాడే పని కూడా అలాంటిదే. కొండ మీద చెట్టు నిలబడితే కింద మైదానంలో చెరువు నిండుతుంది. ఆ నీటికి మైదానం వాళ్లు మనకు కూలి కట్టలేదు. కాబట్టి పని చేయనివాడికి ఎందుకు అని అడిగేవాళ్లను, పని చేసినవాడికి ఇంతకాలం ఎందుకు ఇవ్వలేదు అని ముందు అడగాలి.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. వేటమాంసం వాటాలో ఒక బంధం ఉంది. ఈసారి నువ్వు నాకు పెట్టావు, వచ్చేసారి నేను నీ పొలంలో సాయానికి వస్తాను. ఖాతాలో పడే డబ్బుకు అలాంటి ముఖం లేదు. డబ్బు మనిషి మనిషికీ విడివిడిగా వస్తూ ఉంటే ఒకరి పొలంలో ఒకరు చేసే బదులు పనులు, పెళ్లికీ చావుకీ ఊరంతా కలిసి వేసుకునే బియ్యం, ఇవి పలచబడతాయని మన పెద్దలు భయపడితే అది వట్టి భయం కాదు. కూలి డబ్బు వచ్చినప్పుడే ఇది కొంత జరిగింది. డబ్బు రాకుండా ఆపితే ఆ బంధాలు నిలుస్తాయని కూడా చెప్పలేం. ఆకలితో వలసపోయినవాడు ఏ పండగకూ ఊళ్లో ఉండడు కదా.

తాగేస్తారన్న మాట

రెండో అభ్యంతరం మన గురించే చెప్పేది. వాళ్లకు డబ్బిస్తే సారాకు పోతుంది అంటారు. ఈ మాట ఎంతమంది నోట విన్నామో లెక్కలేదు. వాదనతో కాకుండా జరిగినదానితో జవాబు చెప్పవచ్చు.

2011, 2012లలో మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గరి ఊళ్లలో స్వయం ఉపాధి మహిళా సంఘం ‘సేవ’, యునిసెఫ్ సాయంతో ఒక ప్రయోగం చేసింది. ఎనిమిది ఊళ్లలో ప్రతి పెద్ద మనిషికీ నెలకు 200 రూపాయలు, పిల్లలకు 100 రూపాయలు ఇచ్చారు. తర్వాత దాన్ని 300, 150 చేశారు. విడిగా ఒక భిల్లు ఆదివాసీ ఊళ్లో 12 నెలల పాటు ఇదే ఇచ్చారు. పక్కన డబ్బు ఇవ్వని ఊళ్లను కూడా తీసుకుని పోల్చి చూశారు. ఇందులో పనిచేసి పుస్తకం రాసినవాళ్లలో హైదరాబాద్ సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల ఒకరు. తాగుడు ఖర్చు పెరిగిన జాడ లేదు. తిండి మెరుగైంది, పిల్లలు బడికి పోవడం పెరిగింది. ఆదివాసీ ఊళ్లో జనం పని మానలేదు. ఇతరుల పొలాల్లో కూలి తగ్గించుకుని సొంత చెలకలో పని పెంచుకున్నారు. విత్తనాలు, ఎరువు కొనడానికి చేతిలో నాలుగు రూపాయలు ఉండటమే కారణం.

అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో చెరొకీ ఆదివాసులు ఉన్నారు. 1997లో తమ భూమి మీద ఒక కాసినో తెరిచారు. దాని లాభంలో కొంత భాగాన్ని తెగలోని ప్రతి మనిషికీ ఏడాదికి రెండుసార్లు సమానంగా పంచుతున్నారు. జూదం డబ్బు మంచిదా అన్నది వేరే చర్చ. అప్పటికే అక్కడి పిల్లల మానసిక ఆరోగ్యం మీద డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన నడుస్తూ ఉంది. అందువల్ల డబ్బు రాకముందు, వచ్చిన తర్వాత తేడా దొరికింది. పేదరికం నుంచి బయటపడిన ఇళ్లలో పిల్లల ప్రవర్తన సమస్యలు తగ్గాయి. బాగా పేద ఇళ్లలో పిల్లలు సుమారు ఒక ఏడాది ఎక్కువ చదివారు. అదే చోట చేసిన ఇంకో పరిశోధనలో చేదు నిజం కూడా బయటపడింది. పెద్ద మొత్తం చేతికొచ్చిన నెలల్లో ప్రమాదాల్లో చనిపోయేవాళ్లు పెరిగారు. ఇందులో మనకు పాఠం ఉంది. నెలనెలా కొంచెం వచ్చేది ఇంటిని నిలబెడుతుంది. ఒక్కసారిగా వచ్చి పడేది మనిషిని తొక్కేయవచ్చు. ప్రాజెక్టుల కింద పరిహారం ఒక్క చెక్కుగా తీసుకున్న ఊళ్లను చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు.

కాదు అనగలిగే బలం

ఈ డబ్బు పక్షాన చెప్పదగిన గట్టి మాట నా దృష్టిలో తిండి గురించి కూడా కాదు. అది ‘కాదు’ అనగలగడం గురించి.

చింతచెట్టు కాయ పండకముందే షావుకారు దగ్గర అప్పు తెచ్చుకున్నవాడు కాయను ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. ధర నచ్చలేదని, జీసీసీ డిపోకు తీసుకుపోతానని అనలేడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు మిరపతోటల్లో ఎన్నాళ్లు ఉంచితే అన్నాళ్లు ఉండాలి. ఒకప్పుడు విశాఖ మన్యంలో గొత్తి పేరుతో కొద్దిపాటి అప్పుకు మనిషి ఏళ్ల తరబడి కట్టుబడిపోయాడు. అప్పు ఎప్పుడూ చిన్నదే. ఆ చిన్న మొత్తం ఇంట్లో లేకపోవడమే పెద్ద సంకెల అయింది.

నెలకు ఇంటికి రెండు మూడు వేలు తప్పకుండా వస్తాయని తెలిస్తే సంకెల ఊడుతుందా? మొత్తం ఊడదు, వదులవుతుంది. ధర వచ్చేదాకా చింతపండు అటక మీద ఉంచుకోవచ్చు. జ్వరం వస్తే తాకట్టు లేకుండా ఆసుపత్రికి పోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది. ఆ డబ్బు వచ్చే ఇంట్లో అవ్వ మాటకు ఎంత విలువ ఉందో మీ ఊళ్లోనే గమనించండి. మనిషికి డబ్బు ఇచ్చేది తిండి ఒక్కటే కాదు, మాట కూడా.

అసలు భయం: బదులు

ఇప్పటిదాకా చెప్పింది చూస్తే వాదన తీరిపోయిందనిపించవచ్చు. తీరలేదు. సోమరితనం, సారా అన్నవి చిన్న అభ్యంతరాలు. పెద్దది ఒకటి ఉంది. ఈ డబ్బు దేనికి బదులుగా వస్తుంది?

ఆర్థిక సర్వే ఈ ఆలోచనను ఇప్పుడున్న రాయితీలకు, పథకాలకు ప్రత్యామ్నాయంగానే చర్చకు పెట్టింది. దాని అర్థం ఏమిటో ఝార్ఖండ్‌లో రాంచీ దగ్గరి నగ్రీ బ్లాకు వాళ్లు చూశారు. అంతకుముందు వాళ్లకు రేషను షాపులో రూపాయికి కిలో బియ్యం వచ్చేవి. 2017 అక్టోబరు నుంచి కిలోకు 31 రూపాయల 60 పైసల లెక్కన డబ్బు ఖాతాలో వేశారు. దాన్ని తెచ్చి అదే షాపులో కిలో 32 రూపాయలకు కొనుక్కోమన్నారు. కాగితం మీద ఎవరికీ నష్టం లేదు. నేల మీద మాత్రం డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి బ్యాంకుకు ఒకరోజు, తీసుకోవడానికి ఒకరోజు, షాపుకు ఒకరోజు. ఆ రోజుల కూలి పోయింది. సర్వే చేస్తే 97 శాతం మంది పాత పద్ధతే కావాలన్నారు. 2018లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి, వేలిముద్ర పడలేదని మళ్లీ రమ్మంటే తిరిగి నడిచే మన వాళ్లకు ఇది కథలా వినిపించదు.

ఉపాధ్యాయులు ఒక లెక్క తరగతిలో వేయించవచ్చు. మీ ఊళ్లో అయిదుగురున్న ఇంటికి నెలనెలా వచ్చే రేషను బియ్యం, అంగన్‌వాడీ గుడ్లు, ఆశ్రమ పాఠశాలలో పిల్లల తిండి, ఉపాధి హామీ కూలి, వీటన్నిటి విలువ సంత ధరల్లో ఎంత? వీటిని తీసేసి మనిషికి 635 రూపాయలు ఇస్తే లాభమా నష్టమా? పిల్లలే జవాబు చెబుతారు. ఇంకో సంగతి కూడా అడగండి. డబ్బుతో గుడ్డు కొనవచ్చు. ఘాట్ రోడ్డు, నర్సు, టీచరు కొనవచ్చా? గర్భిణిని డోలీలో మోసే ఊరికి నెలనెలా డబ్బు పంపి రోడ్డు వేయకపోతే, ఆ డబ్బు డోలీ మోసేవాళ్ల కూలికి సరిపోతుంది.

బియ్యానికి బదులు డబ్బు ఒక ప్రమాదం. భూమికి బదులు డబ్బు అంతకంటే పెద్దది. సార్వత్రిక ఆదాయం గురించి మాట్లాడే ప్రతివాళ్లూ అలాస్కా పేరు చెబుతారు. అక్కడ చమురు ఆదాయంలో కొంత దాచి 1976లో శాశ్వత నిధి పెట్టారు. 1982 నుంచి రాష్ట్రంలో నివాసం ఉన్న ప్రతి మనిషికీ, పసిపిల్లలతో సహా, ఏటా వాటా పంచుతున్నారు. మొదటి ఏడాది 1,000 డాలర్లు. ఇది వాటాయే, దానం కాదు. బాగుంది. కానీ కథ అంతకు ముందే మొదలైంది. 1968లో చమురు బయటపడింది. 1971లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి అక్కడి ఆదివాసులకు 4.4 కోట్ల ఎకరాలు, 96 కోట్ల 25 లక్షల డాలర్లు ఇచ్చింది. బదులుగా మిగతా నేల మొత్తం మీద వాళ్లకు తరతరాలుగా ఉన్న హక్కులను, పూర్వపు వేట, చేపల హక్కులతో సహా, రద్దు చేసింది. ఆ తర్వాతే అందరికీ సమాన వాటా వచ్చింది. వేల ఏళ్లు ఆ నేలను కాచినవాడికీ, పని కోసం వచ్చి ఏడాది నిండినవాడికీ ఒకటే చెక్కు. వాటా పంచేముందు ఆస్తి ఎవరిదో మార్చేస్తే సమానత్వం కూడా ఒక తెర అవుతుంది.

మన దగ్గర ఇది తిరగేసి జరిగింది. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. ఎకరం ఉన్నవాడికి ఏడాదికి 8,000, ఇరవై ఎకరాలున్నవాడికి 1,60,000. పట్టా లేని పోడు రైతుకు సున్నా. 2023 జూన్‌లో పోడు పట్టాలు పంచాకే చాలామందికి ఆ డబ్బుకు దారి దొరికింది. అంటే కాగితం మీద హక్కు లేనివాడికి డబ్బులోనూ చోటు లేదు. హక్కు ముందు, డబ్బు తర్వాత.

డబ్బు మనది, చెయ్యి ఎవరిది?

అమెరికాలోనే ఓక్లహోమాలో ఒసేజ్ ఆదివాసుల కథ అందరూ తెలుసుకోవలసింది. 1906లో వాళ్ల భూమిని మనిషి మనిషికీ విడగొట్టినప్పుడు నేల కింది ఖనిజాలను మాత్రం తెగ ఉమ్మడి ఆస్తిగా ఉంచుకున్నారు. 2,229 మందికి సమాన వాటాలు. చమురు పడింది, డబ్బు వరదలా వచ్చింది. అప్పుడు 1921లో చట్టం తెచ్చి వాళ్లకు డబ్బు వాడుకోవడం రాదని సంరక్షకులను పెట్టారు. చాలామంది సంరక్షకులు దోచుకున్నారు. వాటా వారసత్వంగా దక్కుతుంది కాబట్టి బయటివాళ్లు పెళ్లిళ్లు చేసుకుని, తర్వాత మనుషుల్ని చంపించారు. 1925లో మళ్లీ చట్టం చేసి ఒసేజ్ వాటా ఒసేజ్ కానివాళ్లకు వారసత్వంగా పోకుండా కట్టడి చేయవలసి వచ్చింది.

1/70 చట్టం ఉన్నా ఆదివాసీ పేరు మీద బినామీ భూములు, ఆదివాసీ అమ్మాయిని పెళ్లాడి ఆమె పేరున కొన్న పొలాలు మన ఏజెన్సీలో ఎక్కడ లేవు? భూమి దగ్గర జరిగింది డబ్బు దగ్గరా జరుగుతుంది. ఏటీఎం కార్డు షావుకారు దగ్గర తాకట్టులో ఉంటే, పాస్‌బుక్కు మొగుడి సంచిలో ఉంటే ఖాతాలో డబ్బు పడటం వల్ల ఆ మనిషికి ఒరిగేది తక్కువ.

ఏ షరతుల మీద?

వద్దని చెప్పడం సరికాదు, కళ్లు మూసుకుని తీసుకోవడమూ సరికాదు. దాన్ని వాటాగా నిలబెట్టుకోవాలి. అందుకు మనకు చట్టంలోనే ఒక మాట ఉంది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద వచ్చిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, అలాంటి వ్యాపారాల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ఆదివాసుల నీళ్లకు, బళ్లకు, ఆసుపత్రులకు శాశ్వత నిధిగా పెట్టాలంది. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధిలో కూడా ఇదే ఆలోచన ఉంది. అంటే నేల కింది సంపదలో స్థానికులకు వాటా ఉందని రాజ్యం ఒప్పుకుంది. ఆ వాటా ఎంత, ఎవరి చేతికి, ఎవరి నిర్ణయంతో అన్నవే మిగిలిన ప్రశ్నలు.

నా అభిప్రాయంలో షరతులు ఇవి. భూమి, అడవి హక్కులకు బదులుగా ఆ డబ్బు రాకూడదు. రేషను, బడి, ఆసుపత్రి ఉండగా వాటి పైన రావాలి. ఇంటి పెద్దకు కాకుండా మనిషి మనిషికీ, ఆడవాళ్లకు వాళ్ల సొంత ఖాతాలో పడాలి. ఒక్కసారిగా కాక నెలనెలా రావాలి, ఊళ్లోనే చేతికి అందాలి. ఎన్నికల హామీగా కాక చట్టంగా ఉండాలి. గనుల నుంచి వచ్చే భాగం మీద, 1996 పీసా చట్టం చెప్పిన గ్రామసభకు మాట చెప్పే అధికారం ఉండాలి. మనిషి వాటా మనిషిదే. ఊరి వాటాతో నీళ్లా, రోడ్డా, విత్తన బ్యాంకా అన్నది ఊరు తేల్చుకోవాలి. అప్పుడు పాత బంధాలకు కూడా ఒక చోటు మిగులుతుంది.

రేపు ఎవరైనా మీ ఊరికి వచ్చి నెలనెలా డబ్బు ఇస్తాం, ఇక్కడ వేలిముద్ర వేయండి అంటే, చదువుకున్న పిల్లలు ముందుకు వచ్చి రెండు ప్రశ్నలు అడగాలి. ఇది ఎవరి సొమ్ము? దేనికి బదులు ఇస్తున్నారు? మొదటిదానికి ‘మీదే’ అని, రెండోదానికి ‘దేనికీ బదులు కాదు’ అని కాగితం మీద రాసి ఇస్తే వేలిముద్ర వేయవచ్చు. అప్పటిదాకా ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టి, అందరికీ అర్థమయ్యేలా మన భాషలో చదివి వినిపించాలి.